షతో ఓ బ్రియోన్: పాతబడటానికే పుట్టిన వైన్

ఫ్రాన్స్ నైరుతి మూలన, గరోన్ నది ఒడ్డున ఉన్న బోర్డో రేవుపట్నానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో పెస్సాక్ అనే ఊరు ఉంది. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు నగరంలో కలిసిపోయిన శివారు. ఇళ్ళు, రోడ్లు, రైలుపట్టాలు నాలుగు వైపులా కమ్ముకొచ్చినా వాటి నడుమ సుమారు 51 హెక్టార్ల ద్రాక్షతోట, అంటే 125 ఎకరాలకు కాస్త పైన, అలాగే నిలిచి ఉంది. దాని పేరు షతో ఓ బ్రియోన్. ఫ్రాన్స్‌లో షతో అంటే కోట, లేదా దొరల గడీ. బోర్డో ప్రాంతంలో ద్రాక్షతోటను, దాని వైన్‌ను కలిపి ఆ మాటతోనే పిలుస్తారు. బోర్డో ఎర్ర వైన్లలో తన తోట పేరుతో దూరదేశంలో అమ్ముడై ప్రసిద్ధి పొందిన మొదటి వైన్ ఇదే. ఏళ్ళ తరబడి సీసాలో ఉండి, ఉన్నకొద్దీ రుచి పెరిగే ఎర్ర వైన్ ఇవాళ లోకానికంతా తెలుసు. అది మార్కెట్లో ఒక సరుకుగా నిలదొక్కుకోవడంలో ఈ తోటకూ, దీన్ని నడిపిన పొంతాక్ కుటుంబానికీ దక్కవలసిన వాటా చాలా పెద్దది.

ఈ నేలను మొదటిసారి చూసిన రైతు ఎవరూ మెచ్చుకోరు. పైపొర నిండా గులకరాళ్ళు, వాటి మధ్య ఇసుక, అడుగున అక్కడక్కడ బంకమట్టి. లక్షల ఏళ్ళ కిందట పిరెనీస్ కొండల వైపు నుంచి నదులు దొర్లించుకుంటూ తెచ్చి పరిచిన రాళ్ళివి. గోధుమ వేస్తే గింజ కూడా దక్కదు. ద్రాక్షకు మాత్రం ఈ పేదతనమే కలిసొచ్చింది. వాననీరు నిలవదు కాబట్టి వేళ్ళు లోతుకు దిగుతాయి. తీగ అతిగా ఏపుకు పోదు. కాయ చిన్నదై, రసం చిక్కబడి, తొక్క మందంగా ఉంటుంది. పగలు ఎండకు కాగిన రాళ్ళు రాత్రి ఆ వేడిని తీగలకు వదులుతాయి. బోర్డోను ఆనుకుని దక్షిణంగా పరచుకున్న ఈ గులకనేలల సీమను గ్రావ్ అంటారు. నగరానికి ఉత్తరాన నది వెంట ఉన్నది మెడోక్. లఫీట్, లతూర్, మార్గో వంటి పేరున్న తోటలు అక్కడివే. పదిహేడో శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు చిత్తడి నేలల నుంచి నీళ్ళు మళ్ళించేదాకా మెడోక్‌లో చాలా భాగం బురద. గ్రావ్ మాత్రం అప్పటికే వందల ఏళ్ళుగా వైన్ తీస్తోంది. 1305లో ఐదో క్లెమెంట్ పేరుతో పోప్ అయిన బెర్త్రాన్ ద గోత్ తోట కూడా పెస్సాక్‌లోనే ఉంది. అది ఇప్పటికీ ఆ పోప్ పేరుతోనే నడుస్తోంది.

బోర్డో వైన్ వ్యాపారాన్ని పెంచింది ఒక పెళ్ళి. 1152లో అక్విటేన్ పాలకురాలు ఎలియనోర్ హెన్రీని పెళ్ళాడింది. రెండేళ్ళకు హెన్రీ ఇంగ్లండ్ రాజయ్యాడు. దాంతో బోర్డో ఇంగ్లిషు రాజుల ఏలుబడిలోకి వచ్చింది. 1453లో కాస్తియోన్ యుద్ధంలో ఇంగ్లిషు సేన ఓడిపోయేదాకా, మూడు వందల ఏళ్ళు, అలాగే ఉంది. ఏటా శరదృతువులో ఓడల వరుసలు కొత్త వైన్ పీపాలతో బోర్డో నుంచి బయలుదేరి ఇంగ్లండ్ రేవులకు చేరేవి. రాజ్యం చేజారినా ఇంగ్లండ్ దాహం తీరలేదు, వ్యాపారమూ ఆగలేదు.

అయితే ఆ ఓడల్లో వెళ్ళిన వైన్‌కూ ఇవాళ్టి బోర్డో ఎర్ర వైన్‌కూ పోలిక తక్కువ. అది లేత ఎరుపు రంగులో, పలచగా ఉండేది. ద్రాక్షను తొక్కి కొద్దిరోజులు మాత్రమే తొక్కలతో పులియనిచ్చేవారు. పీపాలో గాలి చొరబడి వేసవి నాటికే పులుపెక్కేది. అందుకే ఆ రోజుల్లో కొత్త వైన్‌కే ధర ఎక్కువ; కొత్త పంట దిగిందంటే పాతదాని విలువ పడిపోయేది. ప్రాచీన రోమన్లు ఫలెర్నియన్ వంటి వైన్లను మట్టిజాడీల్లో మూతి బిగించి ఏళ్ళ తరబడి దాచేవారు. జాడీల స్థానంలో చెక్క పీపాలు వచ్చాక ఆ అలవాటు యూరప్‌లో దాదాపు అంతరించింది. తోట పేరు కూడా ఎవరికీ పట్టేది కాదు. ఏ ఊరి సరుకో, ఏ వర్తకుడి సరుకో చెబితే చాలు. ఈ రెండు పద్ధతులూ మారడం ఓ బ్రియోన్ చరిత్రలో అసలు ఘట్టం.

1521 నాటి ఒక పత్రంలో ఈ చోటి వైన్ ప్రస్తావన ఉంది. నాలుగేళ్ళ తర్వాత, 1525లో, బోర్డో పార్లమెంటులో గుమస్తా పదవిలో ఉన్న జాన్ ద పొంతాక్, లిబూర్న్ మేయరు కూతురు జాన్ ద బెల్లోన్‌ను పెళ్ళాడాడు. ఓ బ్రియోన్‌లో కొంత భూమి కట్నంగా వచ్చింది. ఇక్కడ పార్లమెంటు అంటే ఆ కాలపు ఉన్నత న్యాయస్థానం. గుమస్తా అన్నా అది డబ్బూ పలుకుబడీ తెచ్చే పెద్ద హోదా. 1533లో ఆయన అక్కడి గడీని కొన్నాడు, 1549లో కొత్త భవనం కట్టడం మొదలుపెట్టాడు. వాలు పైకప్పులు, మూలల్లో బురుజులు ఉన్న ఆ భవనమే నేటి సీసాల లేబుల్ మీద కనిపిస్తుంది. భవనాన్ని ఆయన మంచి గులకనేల మీద కట్టించలేదు. మిట్టను తీగలకు వదిలి, దాని దిగువన ఇసుకపాలు ఎక్కువున్న నేల మీద కట్టించాడు. నేల విలువ ఆయనకు ఎంత బాగా తెలుసో ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మూడు పెళ్ళిళ్ళు, పదిహేనుమంది పిల్లలు, నూరేళ్ళు దాటిన ఆయుష్షు. 1589లో చనిపోయేనాటికి కొద్దికొద్దిగా కొంటూ పోయి తోటను ఒక్కచోటికి చేర్చాడు.

వైన్ స్వభావాన్ని మార్చింది ఆయన వంశీకుడైన మూడో అర్నో ద పొంతాక్. 1653 నుంచి బోర్డో పార్లమెంటుకు ప్రథమాధ్యక్షుడు, నగరంలో పెద్ద భవంతి, గొప్ప గ్రంథాలయం ఉన్నవాడు. ఈయన హయాంలో ఓ బ్రియోన్ వైన్ మిగతా సరుకు నుంచి విడిపోయింది. ద్రాక్షను మంచీ చెడూ చూసి ఏరడం, తొక్కలతో ఎక్కువ రోజులు పులియబెట్టడం, మంచి పీపాల్లో నిలవ చేయడం, పీపాలో తరుగు వచ్చినప్పుడల్లా అదే వైన్‌తో నింపి గాలి చొరబడకుండా చూడడం, అడుగున దిగిన మడ్డిని వదిలి తేట వైన్‌ను మరో పీపాలోకి వంచడం వంటి పనులన్నీ ఆ శతాబ్దంలో పెద్ద తోటల్లో స్థిరపడ్డాయి. వీటికి డచ్చి వర్తకులు నేర్పిన మెళకువ తోడైంది. గంధకం పూసిన వత్తిని ఖాళీ పీపాలో వెలిగిస్తే ఆ పొగ వైన్‌ను పాడుచేసే క్రిములను చంపుతుంది. బోర్డోలో దాన్ని డచ్చి అగ్గిపుల్ల అనేవారు. కంటికి చిన్నదిగా కనిపించే ఆ పని లేకపోతే పాత వైన్ చరిత్రే లేదు. పీపాలో ఏళ్ళు గడిచినా పులిసిపోని ఎర్ర వైన్ దానివల్లే సాధ్యమైంది.

ఇలా తయారైన వైన్ ముదురు ఎరుపులో, చిక్కగా, కాస్త వగరుగా ఉండి ఒకటి రెండేళ్ళు ఆగితేనే బాగుండేది. ఇంగ్లిషువాళ్ళు దీన్ని పాత లేతరంగు వైన్ నుంచి వేరుచేసి కొత్త ఫ్రెంచి క్లారెట్ అన్నారు. రెండో ఛార్లెస్ రాజు నేలమాళిగ లెక్కల పుస్తకంలో 1660లోనే ఓ బ్రియోన్ పేరు, రాతలో కాస్త మారిన రూపంలో, 169 సీసాల లెక్కతో కనిపిస్తుంది. మూడేళ్ళ తర్వాత, 1663 ఏప్రిల్ 10న, నౌకాదళ కార్యాలయ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ లండన్ లంబార్డ్ వీధిలోని రాయల్ ఓక్ అనే పానశాలలో ఈ వైన్ తాగాడు. ఇలాంటి ప్రత్యేకమైన రుచి తానెన్నడూ ఎరగనని ఆ రాత్రి దినచర్యలో రాసుకున్నాడు. పేరు చెవికి వినబడినట్టే, తప్పుగా రాశాడు. అయినా ఒక వైన్‌ను తోట పేరుతో గుర్తించి, దాని రుచిని వేరుగా చెప్పిన తొలి రాతల్లో అది ఒకటి. వైన్ చరిత్రకారులు ఆ నాలుగు మాటలను ఇంతగా పట్టించుకోవడం సరైనదే.

1666లో లండన్‌లో పెద్ద భాగం అగ్నిప్రమాదంలో కాలి బూడిదైంది. ఆ వెంటనే అర్నో తన కొడుకు ఫ్రాంస్వా ఓగ్యుస్త్‌ను అక్కడికి పంపి, ఆబ్‌చర్చ్ సందులో ఒక భోజనశాల పెట్టించాడు. గుమ్మం మీద వేలాడిన బోర్డు పైన అర్నో ముఖమే చిత్రించారు. జనం ఆ చోటును పొంటాక్స్ హెడ్ అన్నారు. మామూలు పానశాలల మధ్య అదొక కొత్త తరహా. ఫ్రెంచి వంటలు, ఖరీదైన వైన్, పెద్దమనుషుల రాకపోకలు. రాయల్ సొసైటీ శాస్త్రజ్ఞుల వార్షిక విందులు ఏళ్ళ తరబడి అక్కడే జరిగాయి. 1711లో అక్కడ భోంచేసిన రచయిత జోనథన్ స్విఫ్ట్ సీసాకు ఏడు షిల్లింగులు తీసుకున్నారని ఉత్తరంలో రాశాడు. ఆ రోజుల్లో అది గట్టి ధర. బోర్డో న్యాయాధికారి ఒకరు తన తోట వైన్‌ను తన పేరు కింద పరదేశపు రాజధానిలో నేరుగా తాగేవాడి బల్ల మీదకు చేర్చడం అంతకుముందు ఎరగని పని. దళారులు కలిపేసే సరుకులో తన వైన్ గుర్తింపు పోకుండా కాపాడుకోవడానికి అర్నో ఎంచుకున్న తోవ అది.

తత్వవేత్త జాన్ లాక్ 1677 మే నెలలో బోర్డో వచ్చి ఈ తోటను స్వయంగా చూశాడు. తెల్లటి ఇసుక, కాస్త గులక కలిసిన ఆ నేలలో ఏదైనా పండుతుందని ఎవరూ అనుకోరని రాసుకున్నాడు. పక్కనే, చూపుకు తేడా తెలియని నేలలోనూ ఇంత మంచి వైన్ రాదని స్థానిక వర్తకులు చెప్పిన సంగతినీ నమోదు చేశాడు. కొద్ది ఏళ్ళలోనే ధర బాగా పెరగడానికి కారణం, ఎంతైనా సరే తెప్పించమని పురమాయించే ఇంగ్లిషు ధనికులేనని తేల్చాడు. 1683లో ఇంగ్లిషు రచయిత జాన్ ఎవెలిన్ లండన్‌లో అర్నో కొడుకును కలిసి మాట్లాడాడు. తమ దేశానికి వచ్చే బోర్డో వైన్లలో శ్రేష్ఠమైనవి ఆ కుటుంబపు తోటలవేనని తన దినచర్యలో పేర్కొన్నాడు. నేల గుణం, కొనేవాడి డబ్బు కలిసి ధరను నిర్ణయిస్తాయన్న పరిశీలన ఈ ఇద్దరి రాతల్లో స్పష్టంగా ఉంది.

ఆ తర్వాత యుద్ధాలు వచ్చాయి. పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లండ్, ఫ్రాన్స్ తలపడినప్పుడు ఫ్రెంచి వైన్ మీద ఇంగ్లండ్ భారీ సుంకాలు వేసింది. 1703లో పోర్చుగల్‌తో కుదిరిన మెథుయెన్ ఒప్పందం పోర్చుగీసు వైన్‌కు తక్కువ సుంకం ఖాయం చేసింది. దీని ఫలితం మామూలు బోర్డో వైన్‌కు చావుదెబ్బ, ఓ బ్రియోన్‌కు మేలు. సుంకం విలువను బట్టి కాక పీపాను బట్టి పడేది. చవక వైన్ మీద అంత సుంకం కట్టి అమ్మడం గిట్టుబాటు కాదు. ఎలాగూ కట్టక తప్పనప్పుడు అత్యుత్తమమైనది తెప్పించుకోవడమే తెలివి. అందుకే 1705, 1707 మధ్య లండన్ గెజెట్ పత్రికలో వచ్చిన వేలం ప్రకటనల్లో, శత్రు ఓడల నుంచి పట్టుకున్న సరుకుతో సహా, ఓ బ్రియోన్, పొంతాక్, మార్గో, లఫీట్ పేర్లు విడివిడిగా కనిపిస్తాయి. తోట పేరే సరుకు పేరు కావడం అప్పటికి పూర్తయింది. ప్రభుత్వ పన్ను విధానం ఒక రుచిని ఇంతగా తీర్చిదిద్దిన ఉదాహరణలు చరిత్రలో ఎక్కువ లేవు.

పాతబడే వైన్‌కు ఇంకొక వస్తువు కావలసి వచ్చింది, అది సీసా. చెక్క పీపా ఎంత మంచిదైనా మెల్లగా గాలిని పీలుస్తుంది. 1630ల నుంచి ఇంగ్లండ్‌లో బొగ్గు కొలుముల వేడితో మందమైన, ముదురు రంగు గాజు సీసాలు తయారయ్యాయి. ఓక్ జాతి చెట్టు బెరడుతో చేసిన బిరడా వాటి మూతికి సరిపోయింది. మొదట్లో సీసాలు ఉల్లిగడ్డ ఆకారంలో ఉండి పడుకోబెట్టడానికి వీలయ్యేవి కావు. నిలబెట్టిన సీసాలో బిరడా ఎండి ముడుచుకుని గాలి చొరబడేది. పద్దెనిమిదో శతాబ్దంలో సీసా సన్నబడి, నిటారు గోడలతో స్తూపంలా మారింది. అడ్డంగా పేర్చడం మొదలై బిరడా ఎప్పుడూ తడిగా ఉండసాగింది. 1723లో ఐర్లండ్ నుంచి వచ్చిన పియర్ మిచెల్ బోర్డోలోనే గాజు కొలిమి పెట్టాడు. ఇక వైన్ పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఆగగలదని రుజువైంది, ఏ సంవత్సరపు పంట అన్న ప్రశ్నకు విలువ వచ్చింది.

ఫ్రాంస్వా ఓగ్యుస్త్ సంతానం లేకుండా, అప్పులతో, 1694లో చనిపోయాడు. తోట వాటాలుగా విడిపోయింది. పెద్ద భాగం కాలక్రమంలో ఫ్యూమెల్ కుటుంబానికి చేరింది. వాళ్ళు మార్గో తోటకు కూడా యజమానులు. పద్దెనిమిదో శతాబ్దం అంతా వైన్ పేరు నిలిచింది. 1787 మే నెలలో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ బోర్డో వచ్చి, అత్యుత్తమ శ్రేణిలో నాలుగు తోటలను ఎంచి రాశాడు. అవి మార్గో, లతూర్, ఓ బ్రియోన్, లఫీట్. వర్జీనియాలోని బావమరిది ఫ్రాన్సిస్ ఎప్స్‌కు 1784 పంట ఓ బ్రియోన్ ఆరు డజన్ల సీసాలు పంపుతూ, బోర్డోలోకెల్లా మేలైన వైన్ ఎలా ఉంటుందో దీంతో తెలుస్తుందని ఉత్తరంలో తెలిపాడు. కొత్తగా పుట్టిన అమెరికాలోకి చేరిన మొదటి పెద్ద బోర్డో వైన్లలో ఇదొకటి.

రెండేళ్ళకు విప్లవం వచ్చింది. బోర్డోకు మేయరుగా పనిచేసి, నగరానికి మేలు చేసిన జోసెఫ్ ద ఫ్యూమెల్‌ను 1794లో గిలొటిన్ కింద తల నరికి చంపారు. తోటను ప్రభుత్వం జప్తు చేసింది, తర్వాత వారసులకు తిరిగిచ్చింది, వాళ్ళు నిలుపుకోలేకపోయారు. 1801లో కొన్నది నెపోలియన్ విదేశాంగ మంత్రి తలెరాన్. దౌత్యాన్ని భోజనపు బల్ల మీద నడిపిన మనిషి. మూడేళ్ళకే, 1804లో, ఆయనా అమ్మేశాడు. ఆపై ముప్పై ఏళ్ళలో తోట చేతులు మారుతూ పోయింది. 1836లో పారిస్ బ్యాంకరు జోసెఫ్ యూజెన్ లారియు వేలంలో కొని, విడిపోయిన వాటాను కొద్ది ఏళ్ళలో మళ్ళీ కలిపాడు. శతాబ్దమున్నర తర్వాత పొంతాక్ నాటి తోట మళ్ళీ ఒక్క చేతిలోకి వచ్చింది.

1855లో పారిస్‌లో మూడో నెపోలియన్ ఆధ్వర్యంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. దాని కోసం బోర్డో వర్తక సంఘం వైన్ దళారుల చేత ఒక జాబితా రాయించింది. దళారులు కూర్చుని రుచులు చూడలేదు. దశాబ్దాలుగా ఏ తోట వైన్ ఏ ధరకు అమ్ముడైందో చూసి, ఆ ధరల వరుసనే ఐదు శ్రేణులుగా పేర్చారు. ఎర్ర వైన్ల జాబితాలో ఉన్నవన్నీ మెడోక్ తోటలు, ఒక్క ఓ బ్రియోన్ తప్ప. గ్రావ్‌కు చెందిన దీన్ని వదిలేస్తే జాబితాకే విలువ ఉండదని దళారులకు తెలుసు. మొదటి శ్రేణిలో లఫీట్, మార్గో, లతూర్‌ల పక్కన నిలబెట్టారు. జెఫర్సన్ 68 ఏళ్ళ ముందు ఎంచిన నాలుగూ ఇవే. ఆ జాబితా పైమెట్టులో ఆ తర్వాత వచ్చిన మార్పు ఒక్కటే: 1973లో మూతోన్ రోత్‌షిల్డ్‌ను రెండో శ్రేణి నుంచి మొదటికి ఎక్కించారు.

ఆ గౌరవం దక్కిన కాలంలోనే తోటల మీద తెగుళ్ళు విరుచుకుపడ్డాయి. 1850ల మొదట్లో ఆకులూ కాయలూ బూడిద పట్టే తెగులు వచ్చింది. గంధకపు పొడి చల్లి అదుపు చేశారు. తర్వాత అమెరికా నుంచి మొక్కలతో వచ్చిన ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు వేళ్ళను పీల్చి ఫ్రాన్స్ అంతటా తీగలను ఎండబెట్టింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేళ్ళ మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడమే మిగిలిన దారి; ఇవాళ్టి ఓ బ్రియోన్ తీగలూ అలా అంటుకట్టినవే. దాని వెనకే బూజు తెగులు దిగింది. దానికి మందు బోర్డోలోనే పుట్టింది. దారిన పోయేవాళ్ళు కాయలు కోయకుండా మెడోక్ రైతులు రోడ్డు పక్క తీగలకు చల్లిన మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు తెగులును కూడా ఆపుతున్నాయని పియర్ మిలార్దె అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు. 1885లో ఆ పాళ్ళను ప్రచురించాడు. తెలుగు రైతులు నిమ్మ, కొబ్బరి, ద్రాక్ష తోటల్లో నేటికీ వాడే బోర్డో మిశ్రమం అదే.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తోట ఆర్థికంగా కుంగింది. మొదటి ప్రపంచయుద్ధం, అమెరికాలో మద్యనిషేధం, 1929 తర్వాతి మాంద్యం ఒకదాని వెంట ఒకటి వచ్చి పెద్ద తోటల్ని కూడా నష్టాల్లోకి నెట్టాయి. ఈ కష్టకాలంలోనే ఒక మంచి మార్పు వచ్చింది. అప్పటిదాకా వైన్‌ను పీపాల్లోనే బోర్డో వర్తకులకు అమ్మేవారు, సీసాల్లో పట్టేది వాళ్ళే. కల్తీకి అవకాశం అక్కడే. 1920లలో మూతోన్ తోటను నడుపుతున్న ఫిలిప్ ద రోత్‌షిల్డ్ ముందుకు రాగా మొదటి శ్రేణి తోటలు మొత్తం పంటను తమ ఆవరణలోనే సీసాల్లో పట్టడం మొదలుపెట్టాయి. ఓ బ్రియోన్ కూడా అందులో చేరింది. పాత సీసా కొనేవాడికి నేటికీ ఉన్న భరోసా ఆ నిర్ణయానిది.

1935 మే నెలలో న్యూయార్క్ బ్యాంకరు క్లారెన్స్ డిలన్ తోటను కొన్నాడు. ఫ్రాన్స్ మీద ప్రేమ ఉన్నవాడు. మేనల్లుడు సీమోర్ వెల్లర్‌కు నిర్వహణ అప్పగించాడు. రెండో ప్రపంచయుద్ధంలో భవనాన్ని మొదట ఫ్రెంచి సైనికులకు ఆసుపత్రిగా వాడారు; జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక వాళ్ళ వైమానిక దళానికి విశ్రాంతి గృహం చేశారు. డిలన్ కొడుకు డగ్లస్ 1953 నుంచి 1957 వరకు ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి, ఆపై కెన్నెడీ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి. డగ్లస్ కూతురు జోన్ 1975 నుంచి సంస్థను నడిపింది. ఆమె కొడుకు, లక్సెంబర్గ్ రాజవంశానికి చెందిన రాబర్ట్, 2008లో అధ్యక్షుడయ్యాడు. తొంభై ఏళ్ళుగా ఒకే కుటుంబం చేతిలో ఉండటం ఈ తోటకు పొంతాక్‌ల తర్వాత దక్కిన స్థిరత్వం.

యజమానులకంటే ఎక్కువగా తోటను ఎరిగినవాళ్ళు దెల్మాస్ కుటుంబం. జార్జ్ దెల్మాస్ 1920లలో నిర్వాహకుడిగా చేరాడు. ఆయన కొడుకు జాన్ బెర్నార్ తోట ఆవరణలోనే పుట్టి, 1961లో బాధ్యత అందుకుని నలభై ఏళ్ళకు పైగా నడిపాడు. తర్వాత ఆయన కొడుకు జాన్ ఫిలిప్. జాన్ బెర్నార్ చేసిన మొదటి పెద్ద పని చెక్క తొట్లు తీసేసి స్టీలు తొట్లు పెట్టించడం. బోర్డో పెద్ద తోటల్లో ఇది మొదటిసారి. సంప్రదాయం పాడైందన్నారు, పాల డెయిరీలా ఉందన్నారు. కానీ పులిసేటప్పుడు పుట్టే వేడిని అదుపు చేయడం స్టీలుతో సులువు. కొద్ది ఏళ్ళలో మిగతావాళ్ళూ అదే తోవ పట్టారు. 1970లలో ఆయన ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థతో కలిసి ద్రాక్ష రకాల్లోని వందల తీగలను విడివిడిగా పెంచి, ఏది ఏ నేలకు నప్పుతుందో పరీక్షించాడు. ఒకే రకం తీగతో తోటంతా నింపకుండా పలు వంశాలను కలిపి నాటడం ఆ పరీక్షల ఫలం. పూర్వీకుల పద్ధతిని గౌరవించడమంటే దాన్ని కదపకుండా ఉంచడమే అనుకునేవాళ్ళకు ఈ తోట చరిత్ర మంచి జవాబు. ఇక్కడి సంప్రదాయం మొదటినుంచీ కొత్త పనే.

1983లో ఎదురుగా రోడ్డు దాటితే ఉండే లా మిసియోన్ ఓ బ్రియోన్ తోటను కూడా డిలన్ కుటుంబం కొన్నది. ఒకప్పుడు క్రైస్తవ మిషనరీ పూజారులు నడిపిన ఆ తోట శతాబ్దాలుగా పోటీదారు. నేల దాదాపు ఒకటే, వైన్ స్వభావం వేరు. రెంటినీ విడిగానే ఉంచారు. 1987లో గ్రావ్ ఉత్తర భాగానికి పెస్సాక్ లెయోన్యాన్ అనే ప్రత్యేక హోదా వచ్చింది.

నేటి తోటలో నల్ల ద్రాక్షల్లో మెర్లో, కబెర్నె సోవిన్యోన్ ముఖ్యం, కొంత కబెర్నె ఫ్రాన్ ఉంటుంది. మెడోక్ పెద్ద తోటలతో పోలిస్తే ఇక్కడ మెర్లో వాటా ఎక్కువ, అందువల్ల వైన్‌కు మెత్తదనం వస్తుంది. కొద్ది భూమిలో తెల్ల ద్రాక్షా ఉంది. నగరం చుట్టూ ఉండటం వల్ల గాలి కాస్త వెచ్చగా ఉండి మొదటి శ్రేణి తోటలన్నింటిలో సాధారణంగా ఇక్కడే ముందుగా కోత మొదలవుతుంది. కోత చేతితోనే. పులిసిన రసాన్ని 225 లీటర్ల ఓక్ పీపాల్లో దాదాపు రెండేళ్ళు ఉంచుతారు. పీపాలు చేసే పనివాళ్ళు తోట ఆవరణలోనే ఉన్నారు. ప్రతి మడి వైన్‌ను విడిగా రుచి చూసి, కలిపి, తగనిదాన్ని రెండో వైన్‌కు పంపుతారు. 1958 పంట నుంచి మెడ కింద వాలు భుజాలున్న ప్రత్యేక సీసా వాడుతున్నారు. దూరం నుంచి చూసినా గుర్తుపట్టవచ్చు.

సీసాలోకి వెళ్ళిన తర్వాత జరిగేదే పాత వైన్ రహస్యం. వక్క నమిలితే నాలుకను పట్టే వగరు ఏ తరహా పదార్థాలదో, కొత్త ఎర్ర వైన్‌లోని వగరూ ఆ తరహా పదార్థాలదే. తొక్క, గింజ, కొత్త ఓక్ చెక్క నుంచి అవి వైన్‌లోకి దిగుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ పదార్థాలు రంగు పదార్థాలతో, తమలో తాము కలిసి పెద్ద గుచ్ఛాలై, బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. పోయినంత మేర వగరు తగ్గుతుంది, ఊదా రంగు కలిసిన ఎరుపు మెల్లగా ఇటుక రంగుకు, అంచుల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. పచ్చి పండ్ల వాసన వెనక్కి వెళ్ళి వేరే వాసనలు పైకొస్తాయి. పొగాకు, పొగ, దేవదారు, వాన పడిన మట్టి, కాల్చిన ఇటుక లాంటివి ఓ బ్రియోన్‌కు ప్రత్యేకమని రుచిపరులు తరతరాలుగా చెబుతున్నారు. అన్ని వైన్లూ ఇలా పండవు. వగరు, పులుపు, పండు సారం మూడూ మొదట్లోనే సరిపడా ఉన్నవే ఆగుతాయి, మిగతావి వాడిపోతాయి. అందుకే సంవత్సరానికి అంత విలువ. ఓ బ్రియోన్‌లో 1945, 1961, 1989 పంటలు అత్యంత గొప్పవిగా పేరు పొందాయి. 1976లో పారిస్‌లో పేర్లు దాచి కాలిఫోర్నియా వైన్లతో పోటీ పెట్టినప్పుడు 1970 పంట ఓ బ్రియోన్ నాలుగో స్థానం పొందింది. అప్పటికి దానికి ఆరేళ్ళే. పెద్ద ఓ బ్రియోన్‌కు అది పసితనం.

పాత సీసాను 12, 13 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, తేమ ఉన్న గదిలో, అడ్డంగా పడుకోబెట్టి ఉంచుతారు. వేడి ఎక్కువైనా, మాటిమాటికీ హెచ్చుతగ్గులు వచ్చినా లోపలి వైన్ వ్యాకోచించి సంకోచించి గాలిని లోపలికి లాగుతుంది. దశాబ్దాల్లో కొంత వైన్ ఆవిరై సీసా మెడలో మట్టం దిగుతుంది. వేలంలో కొనేవాళ్ళు మొదట చూసేది ఈ మట్టాన్నే. భుజం కిందకు దిగిందంటే లోపలిది చెడి ఉండవచ్చు. బిరడా పాతికేళ్ళ నుంచి యాభై ఏళ్ళలో మెత్తబడి పొడి రాలుతుంది కాబట్టి చాలా పాత సీసాలకు కొత్త బిరడా వేయించడమూ ఉంది. వడ్డించే ముందురోజు సీసాను నిలబెడతారు, మడ్డి అడుగుకు చేరుతుంది. బిరడా తీసి, సీసా మెడ వెనక వెలుగు పెట్టి, కదలకుండా వేరే గాజు పాత్రలోకి వంచుతారు. మడ్డి మెడ దగ్గరకు వస్తున్నట్టు కనబడగానే ఆపేస్తారు. యాభై ఏళ్ళు దాటిన వైన్‌కు గాలి తగిలాక రుచి ఎక్కువసేపు నిలవదు. అందుకని దాన్ని గంటల తరబడి గాలికి ఉంచకుండా, వంచిన వెంటనే గ్లాసుల్లో పోస్తారు.